తిరిగి చెప్పే గొంతు

తెల్ల చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించి, రెండో చేత్తో కొస లాగిపట్టి ఉన్నాడు బాబాయి. సరిగ్గా అప్పుడే చెవిలో ఉన్న ఆడగొంతు "చాలా బాగా నేర్చుకున్నారు. ఇంతటితో పాఠాలు పూర్తయ్యాయి. అభినందనలు" అని చెప్పి ఠక్కున ఆగిపోయింది.

ఇంకేమన్నా అంటుందేమోనని బాబాయి ఎదురుచూశాడు. ఏమీ అనలేదు. ఇన్ని నెలలు చెవిలో కాపురముండి, పోతూ పోతూ వెళ్ళొస్తానన్న ముక్కయినా అనకుండా పోయింది మహాతల్లి.

"బాబాయ్! కాలరూ!"

పక్కబల్ల నుంచి మరకల మాస్టారు పెట్టిన కేకకి ఉలిక్కిపడి పెట్టె పైకెత్తాడు. అప్పటికే కాలరు అంచు లేత బిస్కెట్ రంగుకి తిరిగింది. మాస్టారు ఆ చొక్కా లాక్కుని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ లాండ్రీలో ఎలాంటి మరకనైనా వదలగొట్టేది ఆయనే. అందుకే ఆ పేరు.

"వదిలిపోతుందిలే, కంగారు పడకు. నీ చేతికింద చొక్కా మాడటం ఇదే చూడటం. ఏమయింది? ఫోన్లో ఎవరైనా పోయారన్నారా?"

"ఎవరూ పోలేదు మాస్టారూ. అయిపోయింది."

"ఏది?"

"రష్యన్."

"అయిపోతే మంచిదేగా! వచ్చేసినట్టేగా!"

బాబాయి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు. వచ్చేసిందో లేదో తనకే తెలియదు. పాఠాలైతే అయిపోయాయి. ఆ రెండూ ఒకటి కాదేమోనని అప్పుడే మొదటిసారి గుండెలో గుచ్చుకుంది.

ఇస్త్రీ చేసుకుని బతికే మనిషికి రష్యన్ దేనికంటారా? అదీ చెప్తాను. బాబాయి కుటుంబం ఎప్పుడో ఈ ఇంగ్లీషు దేశానికొచ్చి స్థిరపడింది. కొడుకు బస్సు డ్రైవరు. వాడు ఇష్టపడి చేసుకున్న పిల్ల రష్యన్ పిల్ల. కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అందరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు. పిన్ని, అంటే బాబాయి భార్య, వంటింట్లో పక్కన నిలబెట్టుకుని ఆ పిల్లకి తెలుగు నేర్పింది. పిన్ని దగ్గర నేర్చుకుంది కాబట్టి ఆ పిల్ల తెలుగు కూడా అచ్చం పిన్ని తెలుగే. "మీ బుర్ర ఎక్కడ మేస్తోంది మామయ్యగారూ?" అని ఎంతో మర్యాదగా అడుగుతుంది. అది తిట్టని ఆమెకి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి మనసొప్పదు.

ఆమె తల్లి పోయింది. తండ్రి చాలా దూరాన ఒంటరిగా ఉంటున్నారు. రైల్వేలో కంట్రోలు గదిలో కూచుని, ఏ బండి ఏ పట్టా మీద పోవాలో చెప్పే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆ ఉద్యోగంలో ఇచ్చిన ప్రతి ఆర్డరునీ అవతలి మనిషి పొల్లుపోకుండా తిరిగి చెప్పాలట. చెప్తేనే బండి కదులుతుందట. "ఇంట్లోనూ అదే వరస మామయ్యగారూ! పాలు తెమ్మంటే, 'పాలు తేవాలి' అని తిరిగి చెప్పి గానీ గడప దాటేవారు కాదు. అమ్మ కూడా అలాగే తిరిగి చెప్పేది. వాళ్ళిద్దరి మధ్యా నాకు పిచ్చెక్కిపోయేది" అని ఒకసారి నవ్వుతూ చెప్పింది కోడలు. చివర్లో ఆ నవ్వు కాస్త తడిసింది.

నాన్న వచ్చి తమతో ఉండిపోవాలని ఆ పిల్ల కోరిక. ఆయనేమో ఒప్పుకోరు. "మీ ఇద్దరూ పొద్దున పోతే సాయంత్రం గానీ రారు. అందాకా ఆ ఇంట్లో నాతో మాట్లాడే మనిషెవరు? ఓ మూల సూట్‌కేసులా పడి ఉండాలి" అన్నారట. ఆ మాట విన్నరోజున కోడలు అన్నం సగంలో వదిలేసి లేచిపోయింది. అది బాబాయి చూశాడు. మాట్లాడే మనిషే కదా కావాల్సింది, ఆ మనిషిని నేనే అవుతానని మర్నాడే ఫోన్లో పాఠాలు పెట్టించుకున్నాడు.

ఆ పాఠాల తీరు ఒకటుంది. గొంతు ముందు ఇంగ్లీషులో అడుగుతుంది, "మంచినీళ్ళు కావాలని చెప్పండి" అని. తర్వాత కాసేపు ఆగుతుంది. ఆ సందులో మనం రష్యన్‌లో చెప్పాలి. మనం చెప్పింది ఒప్పయినా తప్పయినా, వెనకాలే గొంతు వచ్చి ఆ మాటనే చక్కగా తిరిగి చెబుతుంది. బాబాయికి ఆ చివరి ముక్కంటే ప్రాణం. తన నోట్లోంచి ముడతలు ముడతలుగా వచ్చిన మాట ఆ గొంతులో మడత నలగని చొక్కాలా తిరిగొచ్చేది. ఇస్త్రీ మనిషికి అంతకన్నా ఏం కావాలి?

ఒక్కటే చిక్కు. ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది. ఏదైనా ఒక మాట చెప్పి, తల కాస్త పక్కకి వంచి, ఆగిపోతాడు.

"చెప్పేసి అలా చూస్తారేంటండీ? చప్పట్లు కొట్టాలా?" అనేది పిన్ని.

పాఠాలయిపోయిన రోజు సాయంత్రం ఇంటికెళ్ళి, చేతులూ మొహం కడుక్కుని, ఉన్నవాటిలో మంచి చొక్కా వేసుకుని ఫోను ముందు కూచున్నాడు బాబాయి. కోడలు తండ్రికి వీడియో కలిపింది. తెర మీద పొడుగాటి మొహం, తెల్లటి కనుబొమలు. వియ్యంకుడు గారు నవ్వి ఏదో అడిగారు.

బాబాయికి అందులో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. పాఠాల్లో గొంతు మెట్టుమెట్టుగా దిగేది. ఈయన మాట జారుడుబల్ల మీంచి వచ్చి పడింది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో తెలియలేదు. నేర్చుకున్నదంతా గొంతుదాకా వచ్చి అక్కడే మొరాయించింది. చెయ్యి ఊపి, పళ్ళికిలించి, తెలుగులో "అంతా బాగానే ఉందండీ" అన్నాడు.

"రోజంతా నిలబడితే కాళ్ళు నొప్పులు పుట్టవా అని అడిగారు మామయ్యగారూ" అంది కోడలు మెల్లగా.

ఆ తర్వాత తండ్రీ కూతుళ్ళు మాట్లాడుకున్నారు. ఫోను పెట్టేశాక ఆ పిల్ల బాబాయి వైపు తిరిగింది.

"వస్తారట. ఊరికే చూసి పోవడానికి. ఉండరట."

ఇక బాబాయికి రష్యన్ నేర్పే గొంతు లేదు. ఇప్పుడెలా?

మర్నాడు లాండ్రీలో మరకల మాస్టారు ఆ సంగతంతా విని, "మళ్ళీ మొదట్నుంచి పెట్టుకో" అన్నాడు.

"ఒకసారి ఉతికి ఆరేసిన బట్టల్నే ఎన్నిసార్లు ఉతుకుతాం మాస్టారూ? ఆ మాటలు నాకొచ్చు. నాకు రానివే ఆయన మాట్లాడుతున్నారు."

"అయితే కోడల్నడుగు. ఇంట్లో చెరువు పెట్టుకుని వీధి కుళాయి చుట్టూ తిరుగుతావేం?"

అడగలేదనుకుంటున్నారా? అడిగాడు. సాయంత్రం టీ తాగుతూ చెంచా ఎత్తి చూపించి, రష్యన్‌లో "ఇదేమిటి?" అన్నాడు.

"చెంచా" అంది కోడలు తెలుగులో.

"అది నాకు తెలుసమ్మా. మీ భాషలో."

"మీ భాషలో చెంచా."

"నీ భాషలో అమ్మాయ్!"

"షాపులో రోజంతా ఎవరూ నాతో తెలుగు మాట్లాడరు మామయ్యగారూ. ఇంటికొస్తే మీరు రష్యన్ మాట్లాడతారు. మరి నా తెలుగు ఏ గంగలో కలవాలి?"

వంటింట్లోంచి పిన్ని పకపకా నవ్వింది. "బాగా అడిగావే తల్లీ! ఈయన నోరు తిరగడం కోసం నీ నోరు కట్టేసుకుంటావా?"

ఎవరి భాష వాళ్ళకి ముద్దు కావాలి గానీ, ఈ ఇంట్లో ఎవరికి వాళ్ళకి అవతలివాళ్ళ భాషే ముద్దు. బాబాయి తల గోక్కున్నాడు. సరే, తన తిప్పలేవో తనే పడదామనుకున్నాడు.

మొదట రష్యన్ రేడియో పట్టాడు. అందులో వార్తలు ఉరుకులు పరుగుల మీద వచ్చేవి గానీ, వాతావరణం చెప్పే మనిషి మాత్రం నిదానస్తుడు. పైగా రోజూ అవే మాటలు. గాలి, చలి, మంచు, రేపు, సాయంత్రానికి. కొన్నాళ్ళకి బాబాయి ఇంట్లో కిటికీ తీసి, మబ్బు చూసి, "రేపు ఉత్తరం నుంచి బలమైన గాలి" అని రష్యన్‌లో గంభీరంగా ప్రకటించే స్థితికొచ్చాడు.

"గాలి లేదు, పాడూ లేదు. బట్టలు ఆరేసి రండి" అనేది పిన్ని.

అక్షరాలైతే పాఠాల్లో అసలు చెప్పనే లేదు. చెవితోనే అంతా సరిపెట్టారు. అక్షరాలు లేకపోతే ఎదగలేననిపించి, ఎక్కడ వెతకాలా అని ఆలోచిస్తూ ఒకరోజు ఒక స్వెటరు తిరగేశాడు. ఇస్త్రీకి ముందు లోపలి పట్టీ చూడటం ఆ పనిలో మొదటి రూలు. ఏ గుడ్డ, ఎంత వేడి పెట్టాలి, నీళ్ళు చల్లొచ్చా లేదా అని పక్కకుట్టులో చిన్న పట్టీ మీద అచ్చేసి ఉంటుంది కదా. అదే సంగతి నాలుగైదు భాషల్లో ఉంటుంది. ఇన్నేళ్ళూ ఇంగ్లీషు వరస తప్ప మిగతాది బాబాయి కంటికి ఆననే లేదు. ఆరోజు ఆనింది. కింద ఒక వరస రష్యన్!

ఇక చూసుకోండి. లాండ్రీ అంతా బడి అయిపోయింది. వచ్చిన ప్రతి చొక్కా, ప్రతి కోటు తిరగేసి పట్టీ చదవడమే. ఆ అక్షరాలు మహా గడుసువి. ఇంగ్లీషు 'పీ'లా ఉన్నది 'ర' అట, 'హెచ్'లా ఉన్నది 'న' అట. తెలిసిన మొహమే కదా అని పలకరిస్తే ఇంకెవరో తల తిప్పినట్టు. అయినా వదల్లేదు. పైన ఇంగ్లీషులో నూలు అని ఉంటే కింద అదే అయి ఉండాలని కూడబలుక్కుని, "ఖ్లో...పక్. ఖ్లోపక్!" అని అరిచాడు. నూలు. తర్వాత "షేర్స్త్". ఉన్ని. పిండరాదు. నీడలో ఆరబెట్టాలి. తక్కువ వేడి.

"బాబాయ్, చొక్కాకి జోస్యం చెప్తున్నావా?" అన్నాడు మరకల మాస్టారు.

"చెప్తున్నా. నిన్ను మాత్రం పిండరాదట" అన్నాడు బాబాయి.

అంతా బాగానే ఉంది గానీ, ఒక్క వెలితి మాత్రం తీరలేదు. తను చెప్పింది ఒప్పో తప్పో చెప్పే గొంతు లేదు. ఉండబట్టలేక పిన్నిని కూచోబెట్టాడు.

"నువ్వు 'టీ కావాలని అడగండి' అని చెప్పి ఊరుకో. నేను చెప్తాను. తర్వాత నువ్వు సరిగ్గా తిరిగి చెప్పాలి."

"టీ కావాలని అడగండి" అంది పిన్ని. బాబాయి అడిగాడు. తల పక్కకి వంచి ఎదురుచూశాడు. పిన్ని చాలాసేపు ఆలోచించి, "ఏమో. బాగానే ఉన్నట్టుంది. టీ అయితే పెడతాను" అని లేచింది.

చివరికి వియ్యంకుడు గారు రానే వచ్చారు. మనిషి తెర మీద కనిపించినదానికన్నా ఇంకా పొడుగు, ఇంకా సన్నం. బూడిదరంగు కోటు, చేతిలో బెల్టు బిగించిన పాతకాలం సూట్‌కేసు. బాబాయి ముందుకెళ్ళి, రిహార్సల్ వేసుకున్న మాట వదిలాడు. "మీ ప్రయాణం ఎలా జరిగింది?"

చెప్పి, తల వంచి ఆగాడు.

"ఖరషో" అన్నారాయన. బాగుందని. అని, ఆయనా ఆగారు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డారు. మధ్యలో కోడలు రెండు భాషల్లోనూ గలగలా ఏదో అనేసి ఇద్దర్నీ లోపలికి లాక్కెళ్ళింది.

ఆ తర్వాతా అదే తంతు. పనులకి వెళ్ళేవాళ్ళు వెళ్ళాక ఆయన కిటికీ పక్క కుర్చీలో, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూచునేవారు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చినప్పుడల్లా బాబాయి ఎదురుగా కుర్చీ లాక్కుని, ఒక మాట అప్పజెప్పి ఆగేవాడు. ఆయన ఒక మాట చెప్పి ఆగేవారు. రెండు మాటలకే సంభాషణ చచ్చిపోయేది. కూతురు చెప్పిన ఆ తిరిగి చెప్పే అలవాటు ఆయన దగ్గర మచ్చుకైనా కనిపించలేదు. భార్యతోనే పోయింది కాబోలు.

సూట్‌కేసు మాత్రం గుమ్మం పక్కనే ఉంది. రోజూ పొద్దున బెల్టు విప్పి, ఒక చొక్కా తీసుకుని, మళ్ళీ బెల్టు బిగించేవారు. ఆ చొక్కా చూస్తే బాబాయి చెయ్యి ఇస్త్రీపెట్టె వైపు పోయేది. ఛాతీ మీద అడ్డంగా మడతలు, కాలరు వాలిపోయిన చెవిలా! "ఇవ్వండి, ఇస్త్రీ చేస్తాను" అన్నాడు రష్యన్‌లో. ఆయన నవ్వి, వద్దు, శ్రమ పడకండి అన్నట్టు చెయ్యి ఊపారు.

"ఆ నవ్వు చూశారా? డాక్టరు పిలుస్తాడని బయట బల్ల మీద కూచున్నవాళ్ళ నవ్వు" అంది పిన్ని.

ఆదివారం సాయంత్రం కోడలు బాల్కనీలో బట్టలు తీస్తూ, వెనక్కి తిరక్కుండానే చెప్పింది. "మామయ్యగారూ, నాన్న టిక్కెట్టు చూడమన్నారు. వచ్చేవారానికి."

"అప్పుడేనా?"

"అందరూ చాలా మంచివాళ్ళట. కానీ మీరొక మాట అని ఆపేస్తారట. తనతో మాట్లాడ్డం మీకు కష్టంగా ఉందని, తన మూలంగా మీరు ఇబ్బంది పడుతున్నారని అనుకుంటున్నారు." ఆ పిల్ల దుప్పటి మడతపెట్టబోయి, మడత కుదరక మళ్ళీ విప్పింది. "నా బుర్రే ఎక్కడో మేసింది. ఇది అయ్యే పని కాదని ముందే తెలుసుకోవాల్సింది."

బాబాయి దుప్పటి రెండో కొస అందుకున్నాడు. కొసలు కలిపి మడతైతే పెట్టాడు గానీ, గుండెలో మాత్రం ఏ కొసా దేనికీ అందలేదు.

మర్నాడు పొద్దున, కుర్చీలో కూచోబోతున్న వియ్యంకుడు గారి చెయ్యి పట్టుకుని, "రండి. పనికి. నాతో" అన్నాడు. మర్యాద, వ్యాకరణం రెండూ గాలికొదిలేశాడు. ఆ ఉన్న నాలుగు రోజులైనా ఆయన ఆ కుర్చీలో కూచోకూడదని తప్ప ఇంకో ఆలోచన లేదు. ఆయన ఆశ్చర్యంగా చూసి, కోటు తొడుక్కున్నారు.

లాండ్రీ గురించి చెప్పాలి. వెనకగదిలో ఆవిరి ప్రెస్సు ఉంటుంది. కాలితో పెడలు తొక్కితే పైమూత దిగి, బుస్సుమని ఆవిరి చిమ్ముతుంది. ఆరబెట్టే మిషను ఆగినప్పుడల్లా గంట మోగుతుంది. గొట్టాల మీద చిన్న ఎర్రదీపాలు వెలిగి ఆరుతుంటాయి. లోపల అడుగుపెట్టగానే వియ్యంకుడు గారి చూపు ఆ దీపాల మీద పడింది. గంట మోగితే తల అటు తిరిగింది. వెన్ను కాస్త నిటారైంది. అప్పుడైతే బాబాయి అది గమనించలేదు. పనిలో ఉన్నాడు.

పాంటు పరిచి, పెడలు మీద కాలు పెట్టేసరికి చూశాడు, ఆయన మోచెయ్యి ఆవిరి గొట్టానికి జానెడు దూరంలో ఉంది.

"అస్తరోజ్న! గరిచో!" అని కేక పెట్టాడు. జాగ్రత్త, వేడి! నోటికొచ్చిన రష్యన్ వచ్చినట్టే వదిలాడు. "ఆవిరి వస్తా! మీరు ఎడమ నిలబడు!"

వియ్యంకుడు గారు ఒక్క అంగలో ఎడమవైపుకి జరిగారు. చేతులు పక్కలకి ఆనించి, గొంతు సవరించి, స్పష్టంగా, నిదానంగా అన్నారు.

"జాగ్రత్త. వేడిగా ఉంది. ఆవిరి వస్తుంది. నేను ఎడమవైపు నిలబడ్డాను."

బాబాయి కాలు పెడలు మీదే ఉండిపోయింది.

అలవాటు చొప్పున తల పక్కకి వంచే ఉన్నాడు. ఇన్నాళ్ళూ వంచిన ప్రతిసారీ ఖాళీయే ఎదురైన ఆ చెవిలో, తన ముడతల మాట చక్కగా సాపై తిరిగొచ్చి పడింది. కాలరు మాడ్చి మరీ పోగొట్టుకున్న గొంతు, గదిలో ఎదురుగా, తెల్ల కనుబొమలతో నిలబడి ఉంది!

తప్పో ఒప్పో చూద్దామని ఇంకొకటి వదిలాడు. "మూత కింద వెళ్తా."

"మూత దించుతున్నారు" అన్నారాయన.

"మూత దించుతున్నాను!" అన్నాడు బాబాయి, ఈసారి సరిగ్గా. దించాడు. బుస్సుమంది. "పాంటు తీస్తా."

"పాంటు తీస్తున్నారు."

"పాంటు తీస్తున్నాను!"

గంట మోగింది. ఆయన అటు చూసి, వేలు చూపించి ఏదో పొడుగ్గా చెప్పారు. చెప్పి, ఆగి, బాబాయి కళ్ళలోకి చూశారు. ఎప్పుడూ చూసే చూపే. ఇన్నాళ్ళూ అది 'నాకింక చాలు' అన్న చూపనుకున్నాడు బాబాయి. కాదు! ఆయన కూడా ఎదురుచూస్తున్నారు. తన మాట అవతలి స్టేషనుకి అందిందో లేదో వినడానికి. ఇద్దరు మనుషులు ఎదురుబొదురు కుర్చీల్లో కూచుని, ఇన్ని రోజులూ ఒకరి చేత ఒకరు తిరిగి చెప్పించుకోవాలని కనిపెట్టుకుని ఉన్నారన్నమాట!

అర్థం చేసుకుని జవాబివ్వాలన్న తాపత్రయాన్ని బాబాయి అక్కడే పారేశాడు. పట్టుబడ్డ మాటలు మాత్రం తిరిగి చెప్పాడు. "మా గదిలో... గంట..."

"మా కంట్రోలు గదిలో కూడా ఇలాంటి గంటే ఉండేది" అని ఆయన మళ్ళీ, ఈసారి మెట్టుమెట్టుగా దిగారు.

"మీ కంట్రోలు గదిలో కూడా ఇలాంటి గంటే ఉండేది."

"ద!" అన్నారాయన. అవునని. ఆ ఒక్క అక్షరంలో ఎంత ఊపిరి వదిలారంటే, ఛాతీ మీద చొక్కా మడతలు కదిలాయి.

ఇక ఆగలేదు. మరకల మాస్టారు సీసా చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి, కాసేపు అటూ ఇటూ చూశాడు. "ఏంటి బాబాయ్, ఒకే మాట నువ్వూ అంటున్నావ్, ఆయనా అంటున్నారు? పోట్లాటా?"

"పాఠం మాస్టారూ!"

"అయిపోయిందన్నావ్?"

"నేనూ అలాగే అనుకున్నా."

ఆ సాయంత్రం ఇద్దరూ నడుచుకుంటూ ఇంటికొచ్చారు. దారిలో కనిపించిన బస్సుల మీద, చెట్ల మీద, మూసిన షాపుల మీద ఒకరు అనడం, ఇంకొకరు తిరిగి అనడం. గాలి సంగతి వచ్చినప్పుడు బాబాయి రేడియో మనిషిలా ధారాళంగా చెప్పేసరికి వియ్యంకుడు గారు రోడ్డు మధ్యలో ఆగి మరీ నవ్వారు. మెట్లెక్కుతుంటే తలుపు తీసిన కోడలు, లోపలికి పోకుండా అక్కడే నిలబడిపోయింది.

"రేపు చలి పెరుగుతుంది."

"రేపు చలి పెరుగుతుంది. కోటు వేసుకోవాలి."

"కోటు వేసుకోవాలి."

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చిన్నప్పుడు పిచ్చెక్కించిన ఆ రొద, తల్లితో పాటే పోయిందనుకున్నది, మామగారి గొంతులో మెట్లెక్కి వస్తోంది మరి.

మర్నాడు పొద్దున వియ్యంకుడు గారు సూట్‌కేసు బెల్టు విప్పారు. ఒక్క చొక్కా తీసి ఆగలేదు. చొక్కాలూ పాంట్లూ ఒక స్వెటరూ కలిపి ఒడినిండా ఎత్తుకుని వచ్చి, ఏమీ అనకుండా బాబాయి ముందు బల్ల మీద పెట్టారు. బాబాయి చేతులు చొక్కాకి తుడుచుకుని, పండక్కి బట్టలు అందుకున్నంత మర్యాదగా మొదటిది తిరగేసి, పట్టీ చదివాడు. "ఖ్లోపక్. మధ్యరకం వేడి."

"ఖ్లోపక్. మధ్యరకం వేడి" అన్నారాయన, ఎంతో బాధ్యతగా. కాస్త ఆగి, ఇస్త్రీ బల్ల మీద నీళ్ళ సీసా తనే అందుకుని, ఛాతీ మడతల మీద చిలకరించారు.

చొక్కాలన్నీ తీగ మీద వరసగా వేలాడాయి. గుమ్మం పక్క సూట్‌కేసు నోరు తెరుచుకుని, ఖాళీగా ఉంది.

టిక్కెట్టు మాట ఎత్తడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. చివరికి రాత్రి భోజనాల దగ్గర కోడలే ఎత్తింది, తండ్రి వంక చూడకుండా, గిన్నె వంక చూస్తూ.

వియ్యంకుడు గారు చెంచా కింద పెట్టారు. కూతురితో కాదు, బాబాయితో చెప్పారు. నిదానంగా, ఒక్కో మాటా విడదీసి.

"బండిని స్టేషన్లోనే ఆపాను. ఆర్డరు వచ్చేదాకా కదలదు."

బాబాయికి సగమే అర్థమైంది. అయినా తల పక్కకి వంచి, పొల్లుపోకుండా తిరిగి చెప్పాడు. "బండిని స్టేషన్లోనే ఆపారు. ఆర్డరు వచ్చేదాకా కదలదు." చెప్తూ చెప్తూ ఉండగానే అర్థం మిగతా సగం వచ్చి చేరింది. ఏ పాఠంలోనూ లేని మాట, తనంతట తనే నోట్లోంచి ఊడిపడింది. "ఆర్డరు ఎవరు ఇవ్వాలి?"

"ఇప్పట్లో ఎవరూ ఇవ్వరులెండి" అన్నారు వియ్యంకుడు గారు. "లైను ఖాళీ లేదు."

కోడలు చటుక్కున లేచి, నీళ్ళు తెస్తానని వంటింట్లోకి వెళ్ళింది. నీళ్ళ చెంబు బల్ల మీదే ఉంది.

"ఏమయింది? ఏమన్నారు? ఎవరైనా నాక్కూడా చెప్పండి! నేనేమన్నా గోడనా?" అని పిన్ని అందరి మొహాలూ చూసింది. కొడుకు నవ్వుతూ చెప్పాడు. పిన్ని విని, పైటతో మొహం ఒకసారి ఒత్తుకుని, వెంటనే గొంతు పెంచేసింది.

"అయితే దారికడ్డంగా ఆ పెట్టె ఇంకా అక్కడే ఎందుకురా? ఎవరో ఒకరు తట్టుకుని పడేదాకానా? అటక మీద పెట్టు!"

కొడుకు లేవబోయాడు. అంతకన్నా ముందే వియ్యంకుడు గారు లేచి నిలబడ్డారు. పిన్ని వేలు చూపించిన పెట్టెనీ, పైనున్న అటకనీ చూశారు. గొంతు సవరించుకున్నారు. జీవితంలో మొట్టమొదటి తెలుగు ముక్కని, ముడతలు ముడతలుగా, మహా జాగ్రత్తగా నోట్లోంచి తీశారు.

"అట్...టక మీదా... పెట్టూ."

అని, ఆగి, తల కాస్త పక్కకి వంచి పిన్ని వంక చూశారు.

పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత, ఇదివరకు కోడలికి నేర్పిన గొంతుతోనే, మెట్టు మెట్టుగా, స్పష్టంగా అంది.

"అటక మీద పెట్టు."